తలకిందులుగా చదవండి: నర్సింగ్ విద్యార్థులకు పది సలహాలు

గోదావరిఖనిలో నర్సింగ్ చదివే పిల్లలకు సలహాలు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. "పుస్తకం పదిసార్లు తిరగెయ్యి. ముఖ్యమైన లైన్ల కింద గీతలు గియ్యి. ఒక పాఠం పూర్తయితేనే ఇంకోటి పట్టు. పరీక్ష ముందు రాత్రి పడుకోకు. మొదట పెట్టిన జవాబు మార్చకు." సీనియర్లు జూనియర్లకు, హాస్టల్లో ఒకరికొకరు మంచి మనసుతోనే ఈ మాటలు చెప్పుకుంటారు. నేను చెప్పబోయేవి దాదాపు అన్నీ వీటికి ఎదురు సలహాలు. వినగానే "పిల్లలను చెడగొట్టే మాటలు" అనిపిస్తాయి. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

ఈ బొగ్గు బెల్టులో నర్సింగ్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు బాయి పనికి పోతారు, లేదంటే ఓపెన్‌కాస్ట్‌లో, ఎన్టీపీసీలో, కాంట్రాక్టు కింద పనిచేస్తారు. సింగరేణి ఏరియా ఆసుపత్రి, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. 2022లో రామగుండానికి వైద్య కళాశాల కూడా వచ్చింది. ఇక్కడ మంచి నర్సు అవసరం ఎంతో ఇక్కడి పిల్లలకు ఒకరు చెప్పక్కరలేదు. కష్టపడటానికీ వాళ్లు వెనకాడరు. కష్టం తప్పు చోట పెట్టడమే నాకు బాధ. పరీక్ష హాల్లో పుస్తకం తెరిచి ఉండదు, పేషెంటు మంచం పక్కనా ఉండదు. రెండు చోట్లా పనికొచ్చేది అవసరమైన క్షణంలో దానంతట అదే గుర్తొచ్చే చదువే. కాబట్టి సాధన కూడా అలాగే చేయాలి. కింది పది సలహాలూ ఈ ఒక్క మాట నుంచే పుట్టాయి.

1. పాఠం చదవకముందే పరీక్ష రాయండి

కాలిన గాయాల పాఠం మొదలుపెడుతున్నారు అనుకుందాం. పుస్తకం తెరవకండి. ముందు పాత ప్రశ్నపత్రం తీయండి. "60 కిలోల మనిషి. ఉదయం 8 గంటలకు ఒంటిమీద 30 శాతం కాలింది. ఆసుపత్రికి 10 గంటలకు వచ్చాడు. రింగర్ లాక్టేట్ గంటకు ఎంత ఎక్కించాలి?" మీకు రాదు. రాకపోయినా ఊహించి ఏదో ఒకటి రాయండి. ఆ తర్వాతే పాఠం చదవండి.

ఇప్పుడు పార్క్‌లాండ్ సూత్రం మీ కంటికి వేరుగా కనిపిస్తుంది. 4ను బరువుతో, కాలిన శాతంతో గుణించాలి: 4×60×30 అంటే 7200 మి.లీ. అందులో సగం, 3600 మి.లీ., మొదటి 8 గంటల్లో వెళ్లాలి. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి మొదలవుతాయి, ఆసుపత్రికి వచ్చిన క్షణం నుంచి కాదు. రెండు గంటలు అప్పటికే గడిచాయి కాబట్టి మిగిలిన 6 గంటల్లో గంటకు 600 మి.లీ. చొప్పున ఎక్కించాలి. తప్పు రాసినవాళ్లకు ఈ సంగతి గుచ్చుకుంటుంది, అందుకే గుర్తుంటుంది. ఊరికే చదివినవాళ్ల కళ్లు ఆ లైను మీద నుంచి జారిపోతాయి. రిచ్‌లాండ్, కోర్నెల్, కావ్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగాలూ ఇదే చెప్పాయి. చదివే ముందు ప్రయత్నించి తప్పు చెప్పినా, ఆ విషయం తర్వాత బాగా గుర్తుంటుంది.

2. పుస్తకం మూసి చదవండి

ఒక పేజీ చదివి పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. తర్వాత తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. మొదట్లో ఇది కష్టంగానూ, అవమానంగానూ ఉంటుంది. మళ్లీ మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది. ఆ హాయే మోసం చేస్తుంది, చూసి గుర్తుపడితేనే పాఠం వచ్చేసినట్టు అనిపింపజేస్తుంది.

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడతే చదివి, మూడు విడతలు చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత తారుమారైంది. చదివిన గుంపుకు సుమారు 40 శాతం గుర్తుంటే, రాసిన గుంపుకు 61 శాతం గుర్తుంది. మన పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత రావు.

బాయిలో సర్దార్ పైకప్పును కంటితో చూసి సరిపెట్టుకోడు, కర్రతో తట్టి శబ్దం వింటాడు. నిన్న తట్టాను కదా అని ఇవాళ మానడు. జ్ఞాపకాన్నీ అలాగే తట్టి చూసుకోవాలి. డొల్ల ఎక్కడుందో అప్పుడే బయటపడుతుంది.

ఇంకో మేలు కూడా ఉంది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన నాన్న పగలు పడుకునే చిన్న క్వార్టర్‌లో గట్టిగా చదవడం కుదరదు. కాగితం మీద రాసుకోవడానికి చప్పుడు అక్కర్లేదు.

3. మరిచిపోనివ్వండి

నిన్న చదివింది ఇవాళ గుర్తులేదని ఏడవకండి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని చూపించాడు. మరుపు మీ లోపం కాదు, మెదడు తీరే అంత. సగం మరిచిపోయిన సమయంలో కష్టపడి గుర్తుచేసుకుంటేనే జ్ఞాపకం గట్టిపడుతుంది. అందుకని ఒక పాఠం మీద ఒకేరోజు ఆరు గంటలు పెట్టకండి. ఇవాళ ఒక గంట పెట్టండి. రేపు కొద్దిసేపు, మూడు రోజులకు, వారానికి, నెలకు మళ్లీ పెట్టండి.

లెక్కలకు ఇది ఇంకా అవసరం. రోజుకు ఒక్క లెక్క చాలు. వెయ్యి మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెట్టు మి.లీ.కు 20 చుక్కలది. 1000ని 20తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 42 చుక్కలు. రేపు అదే లెక్క 60 చుక్కల మైక్రో సెట్టుతో చేయండి. పరీక్ష వారంలో ఒకేసారి యాభై లెక్కలు చేసిన చేతికంటే, ఏడాది పొడవునా రోజుకొకటి చేసిన చేయి వార్డులో తక్కువ తడబడుతుంది.

4. పాఠం పూర్తికాకుండానే ఇంకోటి పట్టుకోండి

పుస్తకంలో ఆస్తమా ఒక చోట, గుండె వైఫల్యం ఇంకో చోట, రక్తహీనత మరో చోట ఉంటాయి. పేషెంటు అలా రాడు. "సిస్టరమ్మా, దమ్ము వస్తుంది" అంటూ వస్తాడు. ఆ దమ్ము ఆస్తమాదా, గుండెదా, న్యుమోనియాదా, రక్తం తక్కువై వచ్చిందా, ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులదా? తేల్చడానికి డాక్టరున్నా, తేడా మొదట కనిపెట్టాల్సింది మంచం పక్కన ఉండే మీరే.

అందుకని చాప్టర్ల వారీగా కాక, పేషెంటు చెప్పే బాధల వారీగా ఒక నోట్‌బుక్ పెట్టండి. "దమ్ము" అని ఒక పేజీ, "కండ్లు తిరుగుడు" అని ఒకటి, "జ్వరం" అని ఒకటి, "మూత్రం తక్కువ" అని ఒకటి. కొత్త జబ్బు చదివినప్పుడల్లా సరైన పేజీలో చేర్చండి. పడుకుంటే దమ్ము పెరుగుతుందా, పాదాల వాపు ఉందా, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూత ఉందా, కఫం ఏ రంగు అని తేడాలు రాసుకోండి. సబ్జెక్టులు కలిపేస్తే గందరగోళం అవుతుందని అంటారు. అవుతుంది. ఆ గందరగోళాన్ని విడదీయడమే నర్సు నేర్వాల్సిన విద్య.

5. ఇంగ్లిష్ పుస్తకాన్ని తెలుగులో చదవండి

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయి మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ పుస్తకాలు చూసి బెదిరిపోతుంది. వెంటనే వాక్యాలకు వాక్యాలు బట్టీ మొదలుపెడుతుంది. "ఇంగ్లిష్ పరీక్షకు ఇంగ్లిష్‌లోనే ఆలోచించు" అని పక్కవాళ్లు చెబుతారు. నేను చెప్పేది వేరు. ముందు మీ అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పండి. "షుగర్ ఉన్నోళ్లకు కాలికి దెబ్బ తగిలితే ఎందుకు మానదు?" అని ఇంట్లో అడిగితే, నరాలు మొద్దుబారి నొప్పి తెలియకపోవడం, రక్తం సరిగా అందకపోవడం, షుగర్ ఎక్కువుంటే క్రిములతో పోరాడే శక్తి తగ్గడం, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడేలా చెప్పగలగాలి. చెప్పలేకపోతే మీకు పాఠం రాలేదు, వాక్యాలు మాత్రమే వచ్చాయి.

అర్థం తెలుగులో కుదిరాక ఇంగ్లిష్ పదాలను దాని మీద ఒక్కొక్కటిగా అతికించండి. పరీక్షలో వాక్యం చిన్నదైనా ఫర్వాలేదు, సరిగ్గా ఉంటే చాలు. ఈ సాధన వార్డులోనూ నిలబెడుతుంది. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో, ఉప్పు ఎందుకు తగ్గించాలో పేషెంటుకు చెప్పేది తెలుగులోనే కదా.

6. సరైన జవాబు వదిలేసి తప్పు జవాబులు చదవండి

బిట్ల పుస్తకంలో సరైన ఆప్షన్‌కు టిక్కు పెట్టి, దాన్ని గుర్తుపెట్టుకుని ముందుకు పోవడం అందరూ చేసే పని. ప్రశ్నలో ఒక్క మాట మారితే ఆ చదువు కూలిపోతుంది. ఈ ప్రశ్న చూడండి. బాయిలో పనిచేసి రిటైరైన పెద్దాయనకు సీఓపీడీ ఉంది. ముక్కు గొట్టంతో నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ వెళుతోంది. ఆక్సిమీటర్ 90 చూపిస్తోంది. తెలివిగా మాట్లాడుతున్నాడు. ఏం చేస్తారు? ఆక్సిజన్ 8 లీటర్లకు పెంచడమా, తీసేయడమా, అలాగే ఉంచి గమనించడమా, వెల్లకిలా పడుకోబెట్టడమా?

మూడోదే సరైనది. ఇలాంటి పేషెంటుకు సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచడమే లక్ష్యం. ఆక్సిజన్ అతిగా ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి జారవచ్చు. ఇక్కడితో ఆగకండి. మిగతా మూడు జవాబులు ఎలాంటి పేషెంటుకు సరైనవవుతాయో రాయండి. వెల్లకిలా పడుకోబెట్టడం బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నవారికి కావచ్చు. ఆక్సిజన్ ఆపడం కోలుకుని మామూలు గాలి మీదే నిలదొక్కుకున్నవారికి, డాక్టరు చెప్పాక. ఎక్కువ ఆక్సిజన్ ఎవరికి? గనిలో మంటల పొగ పీల్చి వచ్చినవారికి. అక్కడ ఆక్సిమీటర్ 98 చూపించినా నమ్మకూడదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుంది. రిజర్వాయర్ సంచి ఉన్న మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. అంకె 90 ఉన్నచోట పెంచకూడదు, 98 ఉన్నచోట ఇవ్వాలి. ఇలా చదివితే ఒక్క ప్రశ్నలోంచి నాలుగు ప్రశ్నలు వస్తాయి.

7. మొదట పెట్టిన జవాబును నమ్మకండి

"మొదట తోచిందే కరెక్టు, మార్చితే పోతుంది" అన్న నమ్మకం చాలా బలమైనది. క్రుగర్, విర్ట్జ్, మిల్లర్ అనే ముగ్గురు పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, వెయ్యిన్నర మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాల్లో చెరిపి మార్చిన గుర్తులను లెక్కపెట్టారు. సగం మార్పులు తప్పు నుంచి ఒప్పుకు వెళ్లాయి. ఒప్పు నుంచి తప్పుకు వెళ్లినవి నాలుగో వంతే. మరి నమ్మకం ఎందుకు పోదు? ఒప్పును చెరుపుకున్న బాధ ఏళ్ల తరబడి గుర్తుంటుంది, తప్పును దిద్దుకున్న సంతోషం గుర్తుండదు.

అయితే భయంతో మార్చకండి, కారణంతో మార్చండి. "తప్ప", "ముందుగా", "అన్నిటికన్నా ముఖ్యంగా" లాంటి అర్థమిచ్చే మాట మొదటిసారి కంటపడలేదని తేలితే వెంటనే మార్చండి.

ఊహించి పెట్టడానికీ లెక్క ఉంది. నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఒక్క ప్రశ్నా ఖాళీగా వదలకండి. ఎయిమ్స్ నిర్వహించే నర్సింగ్ ఉద్యోగ పరీక్ష నార్‌సెట్‌లో తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్‌ను కారణంతో కొట్టేయగలిగితే లాభం మీవైపు మొగ్గుతుంది. తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు నర్సింగ్ పోస్టులకు 80 మార్కులు రాత పరీక్షకూ, 20 మార్కులు అంతకుముందు చేసిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకూ పెట్టింది. కొత్తగా చదువు ముగించినవారి చేతిలో ఉన్నది ఆ 80 మాత్రమే. అందులో ప్రతి మార్కూ విలువైనదే.

8. ఆలస్యంగా రాయడం మొదలుపెట్టండి

వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరీక్షలో పేపరు చేతికి రాగానే పక్కవాళ్ల పెన్నులు పరుగెత్తుతాయి. మీరు కదలకండి. మొదటి పది నిమిషాలు పేపరంతా చదవండి. ప్రతి పెద్ద ప్రశ్నకూ నాలుగైదు మాటల పట్టీ వేసుకోండి: నిర్వచనం, కారణాలు, లక్షణాలు, చికిత్స, నర్సింగ్ సంరక్షణ. మార్కులను బట్టి సమయం పంచండి.

చాలామంది నిర్వచనాలు, కారణాలు నాలుగు పేజీలు రాసి, నర్సింగ్ సంరక్షణకు వచ్చేసరికి ఐదు లైన్లతో ముగిస్తారు. మీ వృత్తి ఉన్నది ఆ చివరి భాగంలోనే. "పేషెంటుకు ధైర్యం చెప్పాలి" అని రాసి వదలకండి. ఎన్ని గంటలకోసారి ఏం చూస్తారు, ఏ అంకె దాటితే డాక్టరుకు చెబుతారు, ఎందుకు చెబుతారు అని రాయండి. డిగాక్సిన్ ఇచ్చే ముందు గుండె దగ్గర పూర్తి నిమిషం నాడి లెక్కిస్తాను, పెద్దవారిలో 60 కంటే తగ్గితే మందు ఆపి డాక్టరుకు తెలుపుతాను అని రాస్తే దిద్దేవారికి మీలో నర్సు కనిపిస్తుంది.

9. పరీక్ష ముందు రాత్రి పుస్తకం దాచేసి పడుకోండి

మూడు షిఫ్టుల ఊళ్లో నిద్ర విలువ వేరే చెప్పాలా? రాత్రంతా మేల్కొన్న ఒళ్లు ఎంత మొద్దుబారుతుందో ఇంట్లో చూస్తూనే ఉంటారు. పగలు చదివింది నిద్రలోనే కుదురుకుంటుంది. నిద్ర మానేసి చదివితే కొత్తది కొంచెమే ఎక్కుతుంది, పాతది అందుబాటులో లేకుండా పోతుంది. అలసిన కన్నే ప్రశ్నలో "తప్ప" అనే మాటను దాటేస్తుంది.

క్లినికల్ పోస్టింగ్‌లో నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు చదువుకు సెలవు ఇవ్వండి. తిని, గది చీకటి చేసుకుని పడుకోండి. సాయంత్రం లేచాక ఒక గంట చూడకుండా రాసే సాధన చేస్తే, మగతలో తిప్పిన నలభై పేజీలకంటే ఎక్కువ మిగులుతుంది. నిద్రను సోమరితనం అనుకునే నర్సు రేపు వార్డులో మందుల సీసా పేరు తప్పు చదివే ప్రమాదం ఉంది. ఈ అలవాటు ఇప్పుడే సరిదిద్దుకోవాలి.

10. పరీక్షలు దగ్గరపడితే వార్డులో ఎక్కువసేపు ఉండండి

పరీక్షలు వస్తున్నాయంటే డ్యూటీ ఎలా తప్పించుకుందామా అని చూస్తారు. కేస్ స్టడీలు సీనియర్ల ఫైళ్లలోంచి ఎత్తి రాస్తారు. బీఎస్సీ నర్సింగ్‌లో థియరీ, ప్రాక్టికల్ రెండింటిలోనూ విడివిడిగా 50 శాతం రావాలన్న సంగతి పక్కన పెట్టండి. వార్డుకంటే మంచి పాఠ్యపుస్తకం మీకు దొరకదు.

2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ప్రాణాలు పోయాయి. ఇలాంటి ప్రమాదంలో గంటల తరబడి బరువు కింద నలిగిన మనిషిని బయటికి తీశాక, పైకి బాగానే మాట్లాడుతూ ఉండగానే ముప్పు మొదలవుతుంది. నలిగిన కండరాల్లోంచి పొటాషియం రక్తంలోకి వచ్చి గుండె లయను చెడగొట్టవచ్చు. కండరాల రంగు పదార్థం మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ముదురు గోధుమ రంగు మూత్రం దాని గుర్తు. గంట గంటకూ మూత్రం కొలిచి రాయడం, మానిటర్ మీద ఈసీజీ గమనించడం నర్సు పని. ఇది పుస్తకంలో పది లైన్లు. వార్డులో ఒక్క పేషెంటు మూత్రపు సంచిని శ్రద్ధగా చూసి, ఎందుకు కొలుస్తున్నామో సిస్టర్‌ను అడిగి తెలుసుకున్నవారికి ఆ పది లైన్లు ఎప్పటికీ పోవు. డ్యూటీ ముగిశాక కేస్ షీట్ చూడకుండా ఒక పేషెంటు గురించి అర పేజీ రాయండి. బాధ ఏమిటి, ఏ మందు ఎందుకు, రేపు ఏం గమనించాలి. ప్రాక్టికల్ పరీక్షలో ఓస్కీ స్టేషన్ దగ్గర నిలబడినప్పుడు చేతులు వణకకుండా చేసేది ఈ అర పేజీలే.

ఈ పదీ ఒకేసారి పట్టుకోవద్దు. ఈ వారం రెండు చాలు: చదవకముందే పాత ప్రశ్న రాయడం, చదివాక పుస్తకం మూసి రాయడం. వచ్చే వారం బాధల నోట్‌బుక్ మొదలుపెట్టండి. మొదటి ఇంటర్నల్‌లో మార్కులు పెరగకపోయినా వదలకండి. చూడకుండా రాసేవారికి మొదట్లో తమకు రానివే ఎక్కువ కనబడతాయి, ధైర్యం సడలుతుంది. అది వెనకబడటం కాదు. ఇన్నాళ్లూ దాగి ఉన్న లోపం మొదటిసారి మీ చేతికి చిక్కడం.

ఇవాళ రాత్రి భోజనం అయ్యాక ఒక తెల్లకాగితం తీసుకోండి. పొద్దున క్లాసులో విన్న పాఠం పేరు పైన రాసి, గుర్తున్నదంతా కింద రాయండి. కలం ఎక్కడ ఆగితే అక్కడే పుస్తకం తెరవండి.